రొట్టెలో ఉప్పు ఎంత?

సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలంలో, గజ్వేల్‌కు దగ్గరగా ఉన్న ఎర్రవల్లి పేరు పదేళ్ళుగా వార్తల్లో నానుతోంది. 2015 డిసెంబరులో అయుత చండీయాగం అక్కడే జరిగింది. మరుసటి ఏడాది డిసెంబరులో డబుల్ బెడ్‌రూం ఇళ్ళ గృహప్రవేశాలూ అక్కడే జరిగాయి. 2020 మే 29న అదే మండలంలో కొండపోచమ్మ సాగర్‌లోకి గోదావరి నీళ్ళొచ్చాయి. ఈ వ్యాసానికి ఆ ఊరితో ఉన్న పని మాత్రం వంటింటిది. ఎర్రవల్లి చుట్టుపక్కల ఊళ్ళల్లో రొట్టె మూడు రకాలుగా కనిపిస్తుంది. పెంక మీద కాల్చే జొన్న రొట్టె, మక్క రొట్టె పాతవి. సర్వకు ఒత్తి కాల్చే సర్వపిండి పండక్కీ, వాన పడిన సాయంత్రానికీ చేసుకునేది. బేకరీ నుంచి ఊరి కిరాణా కొట్టు దాకా వచ్చిన బ్రెడ్ మూడోది. ఇప్పుడు దాన్ని ఇంట్లోనే ఓవెన్‌లో చేసుకునేవాళ్ళూ తయారయ్యారు.

ఈ మూడింటికీ ఉప్పు ఎంత వెయ్యాలన్న ప్రశ్నకు మూడు వేర్వేరు జవాబులు వినిపిస్తాయి. జొన్న రొట్టె చేసే పెద్దమనిషి 'అసలెందుకు?' అంటుంది. సర్వపిండి కలిపే ఆమె పిండిని నాలుకకు తాకించి చూసుకొమ్మంటుంది. బ్రెడ్ వంటకాల పుస్తకమేమో పిండి బరువులో 2 శాతమని లెక్క చెబుతుంది. 'అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు' అని ఉప్పు సవాలు చేసిందని సామెత. ఉప్పు లేకుండా వంటే లేదని దాని భావం. రొట్టెల విషయంలో ఆ సవాలు ఒకచోట నెగ్గుతుంది, ఒకచోట ఓడుతుంది. ఎక్కడ నెగ్గుతుందో, ఎందుకు నెగ్గుతుందో తేల్చడానికి వంటింటి అనుభవం, పిండి రసాయనం, ఆరోగ్య పరిశోధన మూడూ కావాలి. ఈ మూడూ విడివిడిగా చెప్పే మాటలు ఒకదానికొకటి పొసగవనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఒకే దారి చూపిస్తాయి.

ఉప్పుకు పనిలేని రొట్టె

జొన్నల్లో గ్లూటెన్ లేదు. గోధుమ పిండిని తడిపి పిసికితే అందులోని మాంసకృత్తులు కలిసి సాగే వలలా అల్లుకుంటాయి. జొన్న పిండికి ఆ గుణం లేదు. అందుకే దాన్ని మరిగే ఎసరులో పోసి కలుపుతారు. వేడికి పిండిలోని గంజి పదార్థం ఉబ్బి జిగురు పుడుతుంది. చెయ్యి పట్టగలిగినంత వేడి మీదనే మదాయించి, ముద్ద చేసి, పీట మీద అరచేత్తో కొట్టి పెంక మీద వేస్తారు. పైన తడి చెయ్యి రాసి, తిరగేసి, పొంగేలా కాలుస్తారు. రొట్టె అంచులు పగలకుండా రావాలంటే మూడు కావాలి: పిండి కొత్తగా పట్టించినది కావాలి, ఎసరు బాగా మరగాలి, చేతికి అలవాటుండాలి. ఈ మూడింటిలో ఉప్పు లేదు.

ఎసట్లో చిటికెడు ఉప్పు వేసే ఇళ్ళూ ఉన్నాయి. దానివల్ల రొట్టె సాగదు, మెత్తబడదు, పొంగదు. పిండి పాతబడి జిగురు పోయినప్పుడు ఉప్పు పెంచితే రొట్టె విరగదనుకోవడం వృథా. ఇక్కడ ఉప్పు చేసేది రుచి పని ఒక్కటే. ఆ రుచి ఎలాగూ పక్కన ఉన్న గిన్నెలోంచి వస్తుంది. జొన్న రొట్టెను ఎవరూ వట్టిగా తినరు. పప్పో, గోంగూరో, పల్లికారమో, తొక్కో, మాంసం కూరో పక్కన ఉంటుంది. వాటన్నిటిలోనూ ఉప్పుంది, తొక్కులో నిల్వ కోసం మరింత ఉంది. చప్పని రొట్టె, ఉప్పని కూర ఒక జత. రెండింటిలోనూ ఉప్పు వేస్తే నోటికి తెలిసే తేడా స్వల్పం, కడుపులోకి పోయేది మాత్రం చాలా.

ఎంతో లెక్క కడదాం. ఒక మాదిరి రొట్టెకు 80 గ్రాముల పిండి పడుతుంది. పిండి బరువులో 1.5 శాతం ఉప్పు వేస్తే రొట్టెకు 1.2 గ్రాములు. పూటకు మూడు రొట్టెలు తినేవాళ్ళకు 3.6 గ్రాములు. పెద్దవాళ్ళు రోజంతా కలిపి తినే ఉప్పు 5 గ్రాములకు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే కూర ముట్టుకోకముందే రోజు వాటాలో మూడింట రెండొంతులు దాటిపోయింది. అదే ఉప్పు లేకుండా చేస్తే రొట్టె నుంచి వచ్చే సోడియం లెక్కలోకి రానంత తక్కువ. పైగా పాలిష్ పట్టిన బియ్యంలో కన్నా జొన్నల్లో పొటాషియం ఎక్కువ. రక్తపోటు విషయంలో సోడియానికి పగ్గం వేసేది అదే. ఏ పుస్తకమూ చదవకుండా, నోటి అలవాటుతో నిలిచిన చప్పని జొన్న రొట్టెకు నేటి పోషకాహార శాస్త్రం పూర్తి మార్కులు వేస్తుంది.

చపాతీ సంగతి జొన్న రొట్టెకూ బ్రెడ్‌కూ మధ్య ఉంటుంది. గోధుమకు గ్లూటెన్ ఉంది కాబట్టి ఉప్పు ముద్దను కాస్త బిగిస్తుంది. కానీ చపాతీ పులిసేది కాదు, గంటలకొద్దీ వాయువును పట్టి ఉంచాల్సిన అవసరం దానికి లేదు. పిండిని అరగంట నాననిస్తే వచ్చే మెత్తదనం ముందు ఉప్పు చేసే మేలు చిన్నది. కూరతో తినే చపాతీకి ఉప్పు లేకపోయినా నడుస్తుంది. దారి బత్తెంగా వట్టి చపాతీలు కట్టుకుపోయేవాళ్ళకు చిటికెడు సమంజసమే.

ఉప్పే రుచి అయిన రొట్టె

సర్వపిండి లెక్క వేరు. బియ్యపు పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు, ఉల్లాకు కలిపి, నూనె రాసిన సర్వ లోపలి గోడకు ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి కాలుస్తారు. గిన్నెప్ప అన్నా, తపాలచెక్క అన్నా ఇదే. దీనికి పక్కన కూర అక్కర్లేదు. రుచి అంతా లోపలే ఉండాలి, కాబట్టి ఉప్పు కూడా లోపలే పడాలి. బియ్యపు పిండికీ గ్లూటెన్ లేదు గనుక ఇక్కడా ఉప్పు పని రుచే. అయితే ఆ పని మానడానికి వీల్లేదు.

దీని ఉప్పును పచ్చిపిండిని నాలుక మీద పెట్టుకొని చూస్తారు. ఆ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, కాలేటప్పుడు నీరు ఆవిరైపోతుంది. నీరు పోయినా ఉప్పు పోదు. పచ్చిపిండిలో సరిపోయిన ఉప్పు కాలాక ఒక మెట్టు పైన వినిపిస్తుంది. అనుభవమున్న చెయ్యి అందుకే పచ్చిగా ఉన్నప్పుడు కాస్త తక్కువ అనిపించేలా ఆపుతుంది. రెండోది, దొడ్డుప్పు. అది కరగడానికి సమయం కావాలి. కలిపిన వెంటనే రుచి చూస్తే తక్కువగా తోస్తుంది, మళ్ళీ వేస్తారు, పావుగంట తర్వాత రెండూ కరిగి ముంచుతాయి. దొడ్డుప్పును ముందే గోరువెచ్చని నీళ్ళల్లో కరిగించి ఆ నీళ్ళతో పిండి కలిపితే ఈ చిక్కు ఉండదు.

పావుకిలో పిండికి 4 నుంచి 5 గ్రాముల ఉప్పు, అంటే సమంగా కొట్టిన ఒక టీస్పూను లోపు, సర్వపిండికి చాలు. దాన్ని నలుగురు పంచుకుంటే మనిషికి గ్రాము చిల్లర పడుతుంది. పల్లీలూ నువ్వులూ దండిగా పడ్డ సర్వపిండికి ఇంకా తక్కువ సరిపోతుంది. వేగిన నూనెగింజల వాసనే నోటిని నింపుతుంది.

ఉప్పుకు పనున్న రొట్టె

ఈస్ట్‌తో పులియబెట్టే గోధుమ బ్రెడ్‌లో ఉప్పు నాలుగు పనులు చేస్తుంది. రుచి వాటిలో ఒకటే. తక్కిన మూడూ తెలియకుండా 'ఆరోగ్యం కోసం ఉప్పు మానేస్తున్నా' అని మొదలుపెట్టినవాళ్ళ బ్రెడ్ ఎందుకు చెడిందో వాళ్ళకు అంతుపట్టదు.

మొదటి పని బిగింపు. గ్లూటెన్ మాంసకృత్తుల మీద ఉండే విద్యుదావేశాలు ఒకదాన్నొకటి నెడుతుంటాయి. ఉప్పు ఆ నెట్టుడును తగ్గించి వాటిని దగ్గరకు చేరుస్తుంది. ముద్ద బిగుసుకుంటుంది, చేతికి అంటుకోవడం తగ్గుతుంది, ఈస్ట్ వదిలే వాయువును పట్టి ఉంచుతుంది. ఉప్పు లేని ముద్ద జారుతుంది, చిరుగుతుంది, ఓవెన్‌లో అడ్డంగా పరుచుకుంటుంది.

రెండోది ఈస్ట్‌కు కళ్ళెం. ఉప్పు నీటిని తనవైపు లాక్కొని ఈస్ట్ వేగాన్ని తగ్గిస్తుంది. ఎండాకాలం సిద్దిపేట వైపు 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో ఇది చిన్న విషయం కాదు. వంటింట్లో పెట్టిన ముద్ద చూస్తుండగానే పొంగి, పుల్లబడి, కూలిపోతుంది. అలాగని వేడికి మందుగా ఉప్పును పెంచుకుంటూ పోవడం సరికాదు. చన్నీళ్ళతో కలపడం, ఈస్ట్ సగానికి తగ్గించడం, ముద్దను ఫ్రిజ్‌లో పులియబెట్టడం అంతకన్నా మంచి మార్గాలు.

మూడోది రంగు. ఉప్పు లేనప్పుడు ఈస్ట్ పిండిలోని చక్కెరలను తొందరగా తినేస్తుంది. కాల్చే సమయానికి పై చెక్కు ఎర్రబడడానికి చక్కెర మిగలదు, బ్రెడ్ పాలిపోయి వస్తుంది. ఫ్రెంచ్ బ్రెడ్ మీద జీవితమంతా పనిచేసిన రేమండ్ కాల్వెల్ దీనికి ఇంకో ముడి కలిపారు. యంత్రంతో ఎక్కువసేపు కలిపే ముద్దలో ఉప్పును చివరికి వాయిదా వేస్తే, గాలి సోకి పిండిలోని సహజ వర్ణం, దాంతోపాటు రుచీ పోతాయని ఆయన గమనించారు. ఇంట్లో చేత్తో పిసికేవాళ్ళకు ఆ భయం లేదు. పిండి, నీళ్ళు ముందు కలిపి అరగంట వదిలి, తర్వాత ఉప్పు వేసే ఆయన పద్ధతి మాత్రం ఇంటి బ్రెడ్‌కు బాగా పనికొస్తుంది. ఉప్పు బిగించకముందే పిండి నీళ్ళు తాగి మెత్తబడుతుంది, పిసకడం సగం తగ్గుతుంది.

నాలుగోది రుచి. ఉప్పు ఉప్పదనాన్ని ఇవ్వడంతో ఆగదు, చేదును అణచి మిగతా రుచులను పైకి తెస్తుంది. బ్రెస్లిన్, బోషాంప్ 1997లో 'నేచర్' పత్రికలో చూపించింది ఇదే. తవుడుతో ఉన్న ముడి గోధుమ పిండి బ్రెడ్‌కు మైదా బ్రెడ్ కన్నా ఎక్కువ ఉప్పు కావాలనిపించడానికి కారణం తవుడులోని చిరుచేదు. ఆ చేదును ఉప్పుతోనే అణచాలని లేదు. కాస్త బెల్లమో, పాలో, రాత్రంతా పులియబెట్టడమో కూడా ఆ పని చేస్తాయి.

నీళ్ళ పాత్ర కూడా ఉంది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. కఠిన జలం గ్లూటెన్‌ను తనంతట తానే కొంత బిగిస్తుంది. ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకాన్ని 2016 ఆగస్టు 7న ప్రారంభించింది గజ్వేల్ దగ్గరి కోమటిబండలోనే. నల్లాలో నది నీళ్ళు వచ్చే ఇంట్లో, బోరు నీళ్ళు వాడే ఇంట్లో ఒకే కొలతతో కలిపిన ముద్దలు ఒకేలా ఉండకపోవచ్చు. ముద్ద చేతికి అతుక్కుంటుంటే ఉప్పు తక్కువైందని వెంటనే తేల్చకుండా, నీళ్ళు ఒక చెంచా తగ్గించి చూడాలి.

ఇన్ని పనులున్నా ఎంత ఉప్పు కావాలి? బేకరీల పాత సూత్రం పిండి బరువులో 1.8 నుంచి 2.2 శాతం. 1.5 దగ్గర ఇంటి బ్రెడ్ ఏ ఇబ్బందీ లేకుండా నిలబడుతుంది. 1 శాతం దగ్గర ముద్దకు ఇంకా బిగింపు ఉంటుంది, రుచి మాత్రం పలచబడుతుంది. 2.5 దాటితే నోరూ ఒప్పుకోదు, ఈస్టూ మందగిస్తుంది. సున్నా కూడా అసాధ్యమేమీ కాదు. ఇటలీలోని టస్కనీలో రొట్టెకు ఉప్పే వెయ్యరు. ఉప్పు దట్టించిన మాంసం, జున్నులతో తినేది కాబట్టి అక్కడ అది లోపం కాలేదు. జొన్న రొట్టెకూ తొక్కుకూ ఉన్న జతే అక్కడ మరో రూపంలో ఉంది. టస్కనీ వాళ్ళు సున్నా ఉప్పుతో నెగ్గుకొచ్చింది సహజంగా పులిసిన పిండి, దీర్ఘమైన పులియబెట్టుడు, అలవాటైన చేతుల వల్ల. ఓవెన్ కొత్తగా కొన్నవాళ్ళు అక్కడ మొదలుపెట్టడం మంచిది కాదు.

చెంచాతోనా, తూకంతోనా

వంటకాల్లో 'ఒక చెంచా ఉప్పు' అని రాయడం సగం తప్పులకు మూలం. సన్నుప్పు సమంగా కొట్టిన టీస్పూను 5 నుంచి 6 గ్రాములు తూగుతుంది. దొడ్డుప్పు పలుకుల మధ్య గాలి ఉంటుంది గనుక అదే చెంచాకు తక్కువ తూగుతుంది. కుప్పగా తీసిన చెంచాకు ఇక లెక్కే లేదు. అరకిలో పిండికి 10 గ్రాములు అంటే 2 శాతం. చెయ్యి జారి 14 పడితే దాదాపు 3 శాతం. కూరలో ఉప్పెక్కువైతే ఆలుగడ్డ వేసో, నీళ్ళు పోసో సర్దవచ్చు, కాలిన బ్రెడ్‌ను సర్దలేం.

గ్రాము తేడా చూపించే చిన్న తూకం ఉంటే ప్రశ్నే లేదు. లేకపోతే కిరాణా కొట్టులో 50 గ్రాముల ఉప్పు తూయించి, ఇంట్లో రోజూ వాడే చెంచాతో ఎన్ని సమ చెంచాలొస్తాయో ఒకసారి లెక్కపెట్టుకుంటే చాలు. పది వస్తే చెంచా 5 గ్రాములు, తొమ్మిది వస్తే ఐదున్నర. ఆ చెంచానే ఉప్పు డబ్బాలో ఉంచెయ్యాలి. లెక్క ఎప్పుడూ పొడి పిండి బరువు మీదే కట్టాలి. నీళ్ళు, పాలు కలిపిన ముద్ద బరువు మీద కడితే శాతం తారుమారవుతుంది.

ఏ ఉప్పు అన్నదాని మీద కూడా అపోహలున్నాయి. గులాబీ రంగు ఉప్పు, సైంధవ లవణం ఏదైనా దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. రంగు చూసి ఎక్కువ వేసుకునే వెసులుబాటు ఏమీ లేదు. అయోడిన్ ఈస్ట్‌ను చంపుతుందన్న భయం కూడా అనవసరం. మన ఉప్పులో కొనేవాడి చేతికి వచ్చేసరికి ఉండాల్సిన అయోడిన్ కనీసం 15 పీపీఎం. బ్రెడ్ ముద్దలోకి పోయేసరికి అది ఈస్ట్‌ను తాకలేనంత స్వల్పం. ఉప్పు, ఈస్ట్ ఒకదాన్నొకటి తగిలితే ఈస్ట్ చచ్చిపోతుందన్నది ఇంకో మాట. చిక్కని ఉప్పునీళ్ళల్లో ఈస్ట్‌ను నానబెడితే నిజంగానే దెబ్బతింటుంది. పొడి పిండిలో పక్కపక్కన పడి వెంటనే కలిసిపోతే ఏమీ కాదు.

ఆరోగ్యం లెక్కలో రొట్టె వాటా

అరకిలో పిండి, 10 గ్రాముల ఉప్పు, 325 గ్రాముల నీళ్ళు, 5 గ్రాముల ఈస్ట్ కలిపితే 840 గ్రాముల ముద్ద. కాలి చల్లారేసరికి సుమారు 735 గ్రాముల బ్రెడ్ మిగులుతుంది. 100 గ్రాములకు దాదాపు 1.36 గ్రాముల ఉప్పు. 30 గ్రాముల ముక్కలు నాలుగు తింటే 1.6 గ్రాములు, అంటే రోజు వాటాలో మూడో వంతు. ఉప్పును 7.5 గ్రాములకు, అంటే 1.5 శాతానికి దించితే 100 గ్రాములకు గ్రాము దగ్గరకు వస్తుంది.

ఈ అంకెల చుట్టూనే దేశాల చట్టాలూ లక్ష్యాలూ తిరిగాయి. పోర్చుగల్ 2009లో చట్టం చేసి బ్రెడ్‌లో ఉప్పును 100 గ్రాములకు 1.4 గ్రాములకు పరిమితం చేసింది. దక్షిణాఫ్రికా 2013లో నిబంధనలు తెచ్చి, 2016 నుంచి 100 గ్రాముల బ్రెడ్‌కు 400 మిల్లీగ్రాముల సోడియం, 2019 నుంచి 380 మిల్లీగ్రాములు మించకూడదంది. సోడియాన్ని ఉప్పులోకి మార్చాలంటే రెండున్నరతో హెచ్చవేయాలి. 400 మిల్లీగ్రాముల సోడియం ఒక గ్రాము ఉప్పు. కొట్టులో కొనే బ్రెడ్ ప్యాకెట్ మీద సోడియం అంకె చూసి ఇంటి బ్రెడ్‌తో పోల్చుకోవడానికి ఈ ఒక్క గుణకారం చాలు.

అక్కడి ప్రభుత్వాలు బ్రెడ్ మీద పడడానికి కారణముంది. పాశ్చాత్య దేశాల్లో ఉప్పులో అధిక భాగం కొనుక్కొనే తయారీ ఆహారం నుంచి వస్తుంది, అందులో బ్రెడ్‌ది పెద్ద వాటా. మన దగ్గర ఉప్పులో ఎక్కువ భాగం వంటింట్లో చేతితో పడేదే. 2017లో వెలువడిన ఒక సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో మనిషి రోజుకు తినే ఉప్పు సగటు సుమారు 9.5 గ్రాములని, ఢిల్లీ, హర్యానాల్లో సుమారు 8.6 గ్రాములని తేలింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా 5 గ్రాముల హద్దునే చెప్పాయి. అంటే తెలుగువాళ్ళు తినేది ఆ హద్దుకు దాదాపు రెట్టింపు. ఆ తేడాను తగ్గించే చట్టం ఏ ప్రభుత్వమూ చెయ్యలేదు. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టే మనిషే చెయ్యాలి.

ఉప్పు తగ్గించాలన్న మాటకు శాస్త్రవేత్తల్లో ఎదురు మాట లేకపోలేదు. ప్యూర్ అనే బహుళ దేశాల అధ్యయనం 2014లో, రోజుకు 3 నుంచి 6 గ్రాముల సోడియం, అంటే ఏడున్నర నుంచి 15 గ్రాముల ఉప్పు తినేవాళ్ళలోనే గుండెజబ్బుల ముప్పు అతి తక్కువగా ఉందనీ, మరీ తక్కువ తినేవాళ్ళలో ముప్పు మళ్ళీ పెరిగిందనీ చెప్పింది. ఒక్క పూట మూత్రం నమూనాతో రోజు మొత్తం ఉప్పును అంచనా వేయడం నమ్మదగ్గది కాదనీ, ముందే జబ్బుపడ్డవాళ్ళు తిండి తగ్గించడం వల్ల లెక్క తలకిందులు కావచ్చనీ విమర్శకులు అన్నారు. ఈ వాదం ఇంకా ముగియలేదు. కానీ అది నడుస్తున్నది ఎంత కిందికి దించాలన్న చోట. ఉప్పు ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుందన్న దగ్గర పెద్ద తగాదా లేదు.

ఈ చర్చకు పనికొచ్చే ఇంకో ఆధారం చైనా పల్లెల నుంచి వచ్చింది. 600 ఊళ్ళల్లో సుమారు 21 వేల మందితో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. అందులో సగం ఊళ్ళకు మూడొంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. ఆ ఊళ్ళల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది. వంటింట్లోనే ఉప్పు పడే పల్లెలు కాబట్టి మన పరిస్థితికి ఈ అధ్యయనం యూరప్ బ్రెడ్ చట్టాల కన్నా దగ్గర. అయితే కిడ్నీ జబ్బున్నవాళ్ళకు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళకు పొటాషియం ప్రమాదం కావచ్చు. డాక్టర్‌ను అడగకుండా ఇలాంటి ఉప్పుకు మారకూడదు.

చెమటోడ్చేవాళ్ళ మాట

ఇవన్నీ కుర్చీలో కూర్చునేవాళ్ళ లెక్కలనీ, రెక్కల కష్టం చేసేవాళ్ళకు ఉప్పు కావాలెననీ పల్లెల్లో గట్టిగా వినిపించే అభ్యంతరం. దీన్ని తోసిపుచ్చడం తప్పు. లీటరు చెమటలో సగటున గ్రాము దగ్గర సోడియం, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు పోవచ్చు. మే నెలలో వడ్ల కల్లం దగ్గర పనిచేసే మనిషికి 5 గ్రాముల హద్దు యథాతథంగా అంటగట్టలేం. అయినా ఈ వాదం రొట్టె పిండిలో ఉప్పు పెంచమని చెప్పదు. ఎండకు అలవాటుపడ్డ శరీరం చెమటలో ఉప్పును కొంత దాచుకుంటుంది. పోయిన ఉప్పు నీటితో పాటే తిరిగి రావాలి, పని జరిగే వేళకే రావాలి. ఉప్పేసిన అంబలి, పలుచటి మజ్జిగ ఆ పని బాగా చేస్తాయి. ఎండలో పని చేసిన మనిషికి తాగేదాంట్లో ఉప్పు కలిపితే అది అవసరమైన మనిషికి, అవసరమైన రోజుకే అందుతుంది. రొట్టెలో కలిపితే నీడపట్టున కూర్చున్న బీపీ ఉన్న ముసలమ్మకూ, స్కూలుకు పోయే పిల్లకూ కూడా అంతే అందుతుంది.

నాలుకను దించవచ్చా

ఉప్పు తగ్గిస్తే ఇంట్లోవాళ్ళు తినరన్నది చివరి భయం. 2003లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగం దీనికి సూటిగా జవాబిచ్చింది. కొందరికి ఇచ్చే బ్రెడ్‌లో వారానికి 5 శాతం చొప్పున తగ్గిస్తూ ఆరు వారాల్లో పావు వంతు ఉప్పు తీసేశారు. తినేవాళ్ళకు తేడా తెలియలేదు. అంతకుముందు 1982లో బోషాంప్ బృందం, కొన్ని నెలలు తక్కువ ఉప్పు తిన్నవాళ్ళకు పాత మోతాదే ఎక్కువగా అనిపించడం మొదలైందని చూపించింది. నాలుక మొండిది కాదు, ఒక్కసారిగా మారమంటే మొరాయిస్తుందంతే. 2 శాతం నుంచి 1.5 శాతానికి రావడమంటే తగ్గించేది సరిగ్గా పావు వంతే. ప్రతి రెండు మూడు బ్రెడ్‌లకు అరకిలో పిండికి అర గ్రాము చొప్పున దించుకుంటూ వస్తే ఇంట్లో ఎవరికీ చెప్పాల్సిన పని కూడా ఉండదు.

ఇన్ని ఆధారాలను కలిపి చూస్తే, రొట్టెకు ఎంత ఉప్పు అన్న ప్రశ్నకు ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఈ రొట్టెలో ఉప్పుకు రుచి కాక వేరే పనుందా? దీని పక్కన పళ్ళెంలో ఉప్పున్న పదార్థం ఉందా? వేరే పని లేదు, పక్కన కూర ఉంది అంటే జవాబు సున్నా. జొన్న, మక్క, సజ్జ రొట్టెలు, కూరతో తినే చపాతీ ఇందులోకి వస్తాయి. వేరే పని లేదు, పక్కన ఏమీ లేదు అంటే రుచికి సరిపడా, కానీ కొలిచి. సర్వపిండికి పావుకిలో పిండికి 4 గ్రాముల నుంచి మొదలుపెట్టి, 5 దాటకుండా. వేరే పనుంటే, అంటే పులిసే గోధుమ బ్రెడ్ అయితే, మొదట 1.8 శాతం, చెయ్యి కుదిరాక 1.5 శాతం. ఆ బ్రెడ్‌కు వెన్న, జాము రాసుకుంటే అక్కడితో ఆగాలి. తొక్కో, ఉప్పు జున్నో పెట్టుకుని తినేవాళ్ళయితే 1.2 దాకా దించినా రుచి లోటు తెలియదు.

ఉప్పును ముద్దకు కాక పళ్ళానికి లెక్కకట్టడం కొత్త సూత్రమేమీ కాదు. కూరలో ఉప్పుంది గనుక రొట్టెలో వద్దని తేల్చినవాళ్ళు ఆ లెక్క ఎప్పుడో కట్టారు. మూడో రొట్టె వంటింట్లోకి కొత్తగా వచ్చింది కాబట్టి దానికి ఒక చిన్న తూకం కావాల్సి వచ్చింది, అంతే. కొత్త బ్రెడ్ చూసి పాత జొన్న రొట్టెలో ఉప్పు కలపడం మొదలుపెడితేనే నష్టం.